దింపు లెక్కల పుస్తకం

మొన్న కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసి వచ్చి, కాళ్లు కడుక్కుని అరుగు మీద చేరబడిన మా మేనకోడలు ఒక ప్రశ్న వేసింది. అమలాపురంలో డిగ్రీ చదువుతోంది. సెలవులు అయ్యేలోగా రాసుకెళ్లాల్సింది ఏదో ఉందట.

"మావయ్యా, నాన్‌ఫిక్షన్‌ని తెలుగులో ఏమంటారండీ?"

"కాల్పనికేతర సాహిత్యం."

"అంటే కల్పన కానిది. ఏది కాదో చెప్పారు, బాగానే ఉంది. మరి అదేంటో?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ పిల్ల పట్టుకున్నది సరైన చోటే. కొబ్బరితోటని చూపించి "ఇది వరిచేను కాదు" అంటే తోట గురించి ఏం చెప్పినట్టు? ఒక జాతి రచనకి సొంత పేరు లేకుండా, పక్కింటి పేరుకి "కానిది" తగిలించి నెట్టుకొస్తున్నాం. నిజానికి మనకి పేరు లేకపోలేదు. ఇతిహాసం అన్న మాటని విడదీస్తే "ఇలా జరిగింది" అనే వస్తుంది. ఆ మాట రామాయణ భారతాలకే ఉండిపోయింది. కిందికి దిగి మన అరుగుల మీదికి రాలేదు.

రకాలు చెప్పమంటే చెప్పొచ్చు. స్వీయచరిత్ర, జీవితచరిత్ర, యాత్రాచరిత్ర, వ్యాసం, లేఖ, డైరీ, వార్త, విమర్శ, శాస్త్ర రచన. వేళ్లు మడుస్తూ చెప్పాను కూడా. ఆ పిల్ల రాసుకుంది. కానీ ఆ జాబితా చూస్తే నాకే చప్పగా అనిపించింది. లోపలికి వెళ్లి అటక మీది నుంచి తాతయ్య దింపు లెక్కల పుస్తకం దించి ఆ పిల్ల ఒళ్లో పెట్టాను.

ఎర్ర గుడ్డ అట్ట, పొడుగాటి పుస్తకం. అంచులు చెదలు కొంచెం రుచి చూశాయి. కొబ్బరి నలభై ఐదు రోజులకో, రెండు నెలలకో దింపుకి వస్తుంది కదా. ప్రతి దింపుకీ ఒక పేజీ. పైన తేదీ, తిథి. కింద కాయ ఎంత, పీచు తీసేసిన గుడ్లు ఎన్ని, దింపు కూలి, వలుపు కూలి, ఆ రోజు అంబాజీపేట మార్కెట్‌లో వెయ్యి కాయల ధర. పక్కన జాగా మిగిలితే ఒక్క ముక్క: కాలవకి నీరు వదిలారని, ఆవు ఈనిందని, ఫలానా వారింట పెళ్లికి వెళ్లామని. ఎక్కడా "అందమైన" అన్న మాట లేదు, "అయ్యో" అన్న మాట లేదు. మూడు దశాబ్దాల పాటు ఒక మనిషి జరిగినదాన్ని జరిగినట్టు, జరిగిన రోజునే రాసుకున్న పుస్తకం అది. మా ఇంట్లో పుట్టిన సాహిత్యం అంతా కలిపి చూస్తే దీనికి సాటి వచ్చేది లేదు. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఎలా తెలిసిందో చెప్పాలి.

1996 నవంబరు 6, బుధవారం. దీపావళి నాలుగు రోజుల్లో ఉంది. ఆ రాత్రి తుఫాను కాకినాడకి దక్షిణంగా తీరం దాటి కోనసీమ మీద పడింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఐ.పోలవరం, ముమ్మిడివరం, కాట్రేనికోన వైపు ఊళ్లకి ఊళ్లే చెదిరిపోయాయి. కొబ్బరిచెట్లు లక్షల్లో పడిపోయాయి. కొబ్బరిచెట్టు నాటినవాడికే కాదు, వాడి కొడుక్కీ అన్నం పెడుతుంది. అది పడితే ఆ యేటి పంట మాత్రమే పోయినట్టు కాదు. నాకు అప్పుడు ఏడేళ్లు. మాది పెంకుటిల్లు. గాలికి పెంకులు ఒక్కొక్కటే లేచి పోతుంటే, చీకట్లో ఎవరో నన్ను దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని, వంగి వంగి పరిగెత్తి, వీధి చివర డాబా ఇంట్లో దించారు. ఆ భుజం నాకు బాగా గుర్తు. తడిసిన ఖద్దరు వాసన గుర్తు. అది మా తాతయ్యే.

ఈ సంగతి ఎందరికో చెప్పాను. కొన్నేళ్ల కిందట ఒక పత్రికకి వ్యాసంగా కూడా రాశాను. చదివినవాళ్లు కళ్లు చెమర్చాయన్నారు. ఆ తర్వాత ఒక వేసవిలో అటక సర్దుతుంటే ఈ పుస్తకం దొరికింది. 1996 నవంబరు నాటి పేజీ తెరిచాను. 6వ తేదీకి ఏమీ లేదు. 8వ తేదీ కింద నాలుగు ముక్కలు ఉన్నాయి. రాజోలు పెళ్లి నుంచి బయల్దేరి, గన్నవరం అక్విడక్టు దాకా లారీ మీద, అక్కడి నుంచి పడిన చెట్లు దాటుకుంటూ నడిచి ఇల్లు చేరినట్టు. పిల్లలు క్షేమం. తోటలో 212 చెట్లకి 61 నిలిచినట్టు.

తాతయ్య ఆ రాత్రి ఇంట్లోనే లేడు.

ఆ పేజీ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నేను అబద్ధం రాయలేదు. నమ్మిందే రాశాను. కానీ రాసింది జరగలేదు. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న సందులోనే ఈ జాతి రచన అంతా నిలబడుతుంది లేదా పడిపోతుంది. కథ రాసేవాడికి ఆ సందు లేదు. కథలో తాతయ్య మనవణ్ణి మోస్తే మోసినట్టే. పసలపూడి కథల్లో వంశీ ఊళ్ల పేర్లు అసలువే పెడతారు, వంటకాలు అసలువే వడ్డిస్తారు. అయినా అట్ట మీద "కథలు" అని ఉంది కాబట్టి ఫలానా మనిషి ఆ ఇంట్లో ఉన్నాడా లేడా అని ఎవరూ వెళ్లి అడగరు, అడగకూడదు. నా వ్యాసానికి ఆ వీలు లేదు. "ఇది జరిగింది" అని చెప్పి పాఠకుడి చేత కన్నీళ్లు పెట్టించాను. ఆ కన్నీళ్లకి నేను బాకీ.

ఆ తర్వాతే ఆ తుఫాను గురించి దొరికినవన్నీ చదవడం మొదలుపెట్టాను. అప్పుడు రకాలంటే ఏమిటో అర్థమైంది. పాత పేపర్లు తిరగేస్తే చనిపోయినవారి సంఖ్య రోజురోజుకీ మారుతూ కనిపిస్తుంది. అది వార్త తప్పు కాదు. వార్త ఆ పూటకి తెలిసినంత చెప్తుంది, మర్నాడు తనని తనే దిద్దుకుంటుంది. ప్రభుత్వ నివేదిక ఆలస్యంగా వస్తుంది, ఏడవదు, లెక్క తేల్చి సంతకం పెడుతుంది. శాస్త్రవేత్త గాలి ఎక్కడ సుడి తిరిగిందో చెప్తాడు. అసలు సైక్లోన్ అన్న మాటే కలకత్తాలో ఉద్యోగం చేసిన హెన్రీ పిడింగ్టన్ పుట్టించినది. పాము చుట్ట అన్న అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి తీసి, 1848లో ఓడలు నడిపేవాళ్ల కోసం రాసిన పుస్తకంలో పెట్టాడు. మా గౌతమి ముఖాన ఉన్న కోరంగి రేవుని 1789లోనూ, మళ్లీ 1839లోనూ ఉప్పెన ముంచింది. ఆ సముద్రం మీద బతికేవాళ్లు చదివి ప్రాణం దక్కించుకోవడానికి పిడింగ్టన్ రాసిన పుస్తకం అది. మా అత్తయ్య అమలాపురం నుంచి హైదరాబాదుకి రాసిన కార్డు కూడా దొరికింది. అందులో తుఫాను గురించి ఒకే వాక్యం, మిగతా అంతా ఎవరెవరు క్షేమమో వరసగా పేర్లు. లేఖ లోకానికి రాసేది కాదు, ఒక మనిషికి రాసేది. ఆ మనిషి దేని కోసం గుండె పట్టుకుని కూర్చుందో అదే చెప్తుంది.

అన్నీ ఒక్క రాత్రి గురించే. దేని బాకీ దానిది. రకం అన్నది పుస్తకాల అర మీద అంటించే చీటీ అనుకునేవాణ్ణి. ఎవరికి, దేనికి జవాబుదారీ అని చెప్పే మాట అది.

ఈ లెక్కన మన యాత్రాచరిత్రకారుడు ఏనుగుల వీరాస్వామయ్యని తలుచుకుంటే ముచ్చటేస్తుంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. ఏ రోజుది ఆ రోజే రాసుకున్నాడు. మజిలీకి మజిలీకి దూరం ఎంత, దారి ఎలా ఉంది, బస ఎక్కడ, నీళ్లు ఎలాంటివి, ఏ వస్తువు దొరుకుతుంది. తన వెనక వచ్చేవాడికి ఉపయోగపడాలన్నదే ఆయన తపన. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్ర తెలుగు వచనానికే ఒక దీపస్తంభం. మా తాతయ్య ఆ పుస్తకం చదివాడో లేదో తెలియదు గానీ రాత తీరు మాత్రం అదే.

వ్యాసానికి మాత్రం మనవాళ్లు పేరు వెతుక్కోవడానికే చాలాకాలం తిప్పలు పడ్డారు. 1862లో అచ్చయిన "హితసూచని"లో సామినేని ముద్దునరసింహం నాయుడు వాటిని ప్రమేయాలన్నారు. కందుకూరి ఉపన్యాసాలన్నారు. పానుగంటి తన వ్యాసాల వరసకి "సాక్షి" అని పేరు పెట్టారు. అందులోని జంఘాలశాస్త్రి కల్పిత పాత్రే. అయినా అక్కడ మోసం లేదు, ఎందుకంటే శాస్త్రి కల్పితమని చదివేవాడికి తెలుసు. శాస్త్రి తిట్టిన సంఘం మాత్రం కల్పితం కాదు. కాబట్టి వ్యాసంలో ఊహకి చోటు లేదని నేను అనను. ఏది ఊహో దాచకూడదు, అంతే.

జీవితచరిత్ర దగ్గర మరో చిక్కు ఉంది. గౌతమి అవతలి గట్టున కపిలేశ్వరపురంలో కూర్చుని చాగంటి శేషయ్య గారు తెలుగు కవుల చరిత్రలు "ఆంధ్ర కవి తరంగిణి" పేరుతో సంపుటాలకి సంపుటాలు వెలువరించారు. ఎప్పుడో పోయిన కవుల కాలాలు తేల్చడానికి ఒక జీవితం ధారపోశారు. ఆ ఓపికకి నమస్కారం పెట్టాలి. అక్కడ చిక్కు దూరం. దగ్గరితనం వల్ల వచ్చే చిక్కు వేరు. దానికి మా ప్రాంతంలో కాటన్ దొరని మించిన ఉదాహరణ లేదు.

1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ విగ్రహాలు మా ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. గోదావరిలో మునిగేటప్పుడు సంకల్పంలో ఆయన పేరు చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. ఆయన 1899లో పోయాడు. మరుసటి ఏడే, 1900లో, ఆయన జీవితచరిత్ర లండన్‌లో వచ్చింది. రాసింది కూతురు ఎలిజబెత్, లేడీ హోప్. అదే పుస్తకంలో విలియం డిగ్బీ కరువుల నివారణ మీద రాసిన భాగం కూడా ఉంది. ఒకే అట్టలో రెండు రకాలు. ఒకరు తండ్రిని ప్రేమతో తలుచుకుంటారు, మరొకరు దేశంలో కరువుల లెక్క తీస్తారు.

ఈ లేడీ హోప్ పేరు ప్రపంచానికి మన ఆనకట్ట వల్ల తెలియలేదు. 1915లో అమెరికాలోని బోస్టన్ పత్రిక ఒకటి ఆమె చెప్పిన ఉదంతం అచ్చేసింది. జీవపరిణామం గురించి రాసిన చార్లెస్ డార్విన్‌ని చివరి రోజుల్లో తాను చూశానని, ఆయన మంచం మీద బైబిలు చదువుతూ, పడుచుతనంలో తాను చేసిన సిద్ధాంతాల గురించి చింతించాడని. డార్విన్ పోయింది 1882లో. ఈ ఉదంతం అచ్చయ్యేటప్పటికి ముప్ఫై మూడేళ్లు గడిచాయి. 1922లో డార్విన్ కూతురు హెన్రియెట్టా గట్టిగా ఖండించింది. మా నాన్నగారి ఆఖరి జబ్బులో నేను పక్కనే ఉన్నాను, ఆ మనిషి అక్కడ లేదు అంది. డార్విన్ మనసు మార్చుకున్నాడన్న మాటని చరిత్రకారులు ఒప్పుకోలేదు. అయినా ఆ కథ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

ఇద్దరు కూతుళ్లు. ఒకామె తండ్రి చరిత్ర రాసింది, రెండో ఆమె తండ్రి గురించి వచ్చిన అసత్యానికి అడ్డం నిలబడింది. లేడీ హోప్‌ని తీసిపారెయ్యడానికి నాకు మనసు రాదు. ఆమె తన తండ్రి మీద రాసిన పుస్తకం లేకపోతే మనకి ఆయన గురించి తెలిసేది ఇంకా తక్కువ. ఆమె కూడా, నాలాగే, ముప్ఫై ఏళ్లు మనసులో నానిన జ్ఞాపకాన్ని నమ్మి ఉండవచ్చు. జ్ఞాపకం తనకి ఇష్టమైనవాళ్ల చేతికే మంచి పనులన్నీ అప్పగిస్తుంది. నా జ్ఞాపకం తాతయ్యకి అప్పగించింది.

మరి నన్ను మోసింది ఎవరు?

అమ్మని అడిగితే ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "పాలేరు మోశాడు కదరా. నీకు గుర్తు లేదా?" అంది. ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ నాకు చెప్పలేదు, ఎందుకంటే నేను ఎవరినీ అడగలేదు. ఖద్దరు వాసన కూడా నిజమే. తాతయ్య పాత చొక్కాలు ఆయనకే ఇచ్చేవారట.

దింపు లెక్కల పుస్తకంలో ఆయన ఉన్నారు. ప్రతి పేజీలోనూ ఉన్నారు, కూలి అంకెగా. మా ఇంట్లో అందరూ ఆయన్ని "వాడు" అనేవారు, ఆయన వయసు మా నాన్న కంటే ఎక్కువైనా. తెలుగులో ఒక మనిషి గురించి వాక్యం మొదలుపెట్టాలంటే వాడో, అతనో, ఆయనో ముందే తేల్చుకోవాలి. ఆ ఒక్క మాటతోనే రాసేవాడు ఎవరి పక్కన నిలబడ్డాడో తెలిసిపోతుంది. ఇంగ్లీషులో జరిగినది రాసేవాడికి ఈ పరీక్ష లేదు. మనకి ప్రతి వాక్యంలోనూ ఉంది.

మామిడికుదురు మాకు దూరం కాదు. 1911లో అక్కడ పుట్టిన బోయి భీమన్న "పాలేరు" అనే నాటకం రాశారు. తర్వాత తన బతుకునే "పాలేరు నుంచి పద్మశ్రీ వరకు" అని రాసుకున్నారు. నేను చిన్నప్పుడు ఇదే నేల మీద పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి "అనుభవాలూ జ్ఞాపకాలూనూ" చదివి ఆ తెలుగుకి మురిసిపోయాను, ఇప్పటికీ మురిసిపోతాను. కానీ శాస్త్రి గారి పొలమూరు ఇంట్లోంచి కనిపించే గోదావరి జిల్లా ఒకటి, మామిడికుదురు పేటలోంచి కనిపించేది ఒకటి. రెండూ చదివితేనే ఊరు పూర్తవుతుంది. స్వీయచరిత్ర గొప్పదనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఇతరుల లెక్కల పుస్తకంలో కూలి అంకెగా ఉన్నవాళ్లు అందులో "నేను" అని మొదలుపెట్టగలరు. ఇంకే రకానికీ అంత బలం లేదు.

నన్ను మోసినాయన పోయి పదేళ్లయింది. ఆయన కొడుకు దింపు పనికే వెళ్తాడు. కిందటి కార్తీకంలో వాళ్లింటికి వెళ్లి కూర్చున్నాను. నా వ్యాసం సంగతి, పుస్తకం సంగతి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"మా నాన్న ఆ రాత్రి మీ ఇంటికాడే ఉండిపోయేరండి. మిమ్మల్ని డాబా ఇంట్లో దింపేక, మళ్లీ ఎనక్కెళ్లి పశువుల పలుపులు కోసేరంట. మేం మాయమ్మతో బళ్లో ఉన్నాం. మా ఇల్లు ఆ రాత్రే పడిపోయిందండి. తెల్లారేక వచ్చి చూసుకున్నేరు."

ఈ సంగతి మా తాతయ్య పుస్తకంలో లేదు. 61 చెట్లు నిలిచాయని ఉంది. మా ఇంట్లో పిల్లలు క్షేమమని ఉంది. తన పిల్లల్ని బళ్లో వదిలి మా పిల్లల్ని మోసిన మనిషి ఇల్లు పడిపోయిందని లేదు. తాతయ్య అబద్ధం రాయలేదు. లెక్కల పుస్తకం ఎవరిదో వాళ్ల లెక్కే రాస్తుంది. అందుకే ఒక్క పుస్తకాన్ని పట్టుకుని ఇదే నిజమని కూర్చోకూడదు. పుస్తకం నా జ్ఞాపకాన్ని దిద్దింది. ఆ పుస్తకాన్ని దిద్దడానికి పేటలో ఒక అరుగు మీద కూర్చోవాల్సి వచ్చింది.

ప్రభుత్వ నివేదికలకీ ఇంతే. 2011లో కోనసీమ రైతులు సాగు చెయ్యలేమని ఖరీఫ్‌లో పంట విరామం ప్రకటించినప్పుడు ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. పెట్టుబడి ఎంత, మద్దతు ధర ఎంత, మురుగు కాలవలు ఎలా ఉన్నాయి, అన్నీ చర్చకి వచ్చాయి. అవసరమైన పనే. ఆ యేడు నాట్లు లేక పని పోయిన ఆడకూలీ ఒక పేజీ రాసి ఉంటే అది కూడా ఆ నివేదిక పక్కన ఉండాల్సిందే అని ఇప్పుడు అనిపిస్తోంది. కోనసీమ అనగానే కొబ్బరాకులు, పడవలు, పూతరేకులు అని అందంగా రాసేవాళ్లకి కొరత లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకుని అరవై అయిదు రోజులు మండితే, ఆ వెలుగులో నిద్రపోలేని రాత్రుల గురించి ఇంటిమనుషులు రాసినవి ఎన్ని ఉన్నాయి? చాలా తక్కువ. చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. అడిగేవాళ్లే కావాలి.

ఇదంతా విని మా మేనకోడలు తన కాగితం మీద రాసుకున్న జాబితా వైపు చూసుకుంది. చెరిపెయ్యలేదు, మంచిదే, పరీక్షకి ఆ జాబితా కావాలి. కింద ఇంకో ప్రశ్న రాసుకుంది: "ఆ పాలేరు గారి పేరు ఏంటి?"

పేరు చెప్పాను. ఈ వ్యాసంలో మాత్రం రాయడం లేదు. వాళ్లబ్బాయిని అడిగితే "రాయండి. కానీ అచ్చేసే ముందు మాయమ్మకి చదివి వినిపించండి, తప్పుంటే తనే చెప్తాది" అన్నాడు. ఆవిడ కూతురి దగ్గర కాకినాడలో ఉంది, ఉగాదికి వస్తుంది. వినిపించాకే పేరు రాస్తాను.

మీ ఇంట్లోనూ ఒక లెక్కల పుస్తకమో, కార్డుల కట్టో, మాట్లాడగలిగిన పెద్దవాళ్లో ఉండే ఉంటారు. 1986 వరద, 1996 తుఫాను చూసిన కళ్లు ఇంకా మన మధ్యే ఉన్నాయి. ఈ ఆదివారం వెళ్లి వాళ్ల దగ్గర కూర్చోండి. ఒక పేజీ చాలు. మీ ఇంట్లో పని చేసినవాళ్ల దగ్గరకి కూడా వెళ్లండి. రాసింది వాళ్లకి చదివి వినిపించండి, కింద తేదీ వెయ్యండి.

మా తాతయ్య పుస్తకంలో 1996 నవంబరు 6 జాగా ఇన్నాళ్లూ ఖాళీగా ఉంది. ఉగాది తర్వాత అందులో ఆయన పేరు ఉంటుంది.